పాము వచ్చినచో ఫారం ముప్పై ఏడు

లెక్కలోకి ఎక్కని పని అసలు జరగనట్టే. ఈ పరమ సత్యం గురజాల అవతలి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో జూన్ మొదటి సోమవారం ఉదయం పది గంటలకు అమల్లోకి వచ్చింది (అంతకు ముందు జరిగిపోయిన పనులను యాజమాన్యం పెద్దమనసుతో క్షమించింది).

ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో సర్వీస్ డెస్కు చూసే దీపశ్రీ చేతికింద నలభై ఒక్క ఆన్‌లైన్ ఫారాలు ఉండేవి. కుర్చీ విరిగితే ఒకటి, దాని బదులు వచ్చిన కుర్చీ కూడా విరిగితే ఇంకొకటి. ఏ ఫారాన్ని ఎన్నిసార్లు వాడారో హైదరాబాదు హెడ్డాఫీసు ఇకమీదట నెలనెలా లెక్క తీస్తుంది. మూడు నెలలు ఎవరూ ముట్టని ఫారాన్ని తీసేస్తుంది. ఆ ఫారం పని చూసే మనిషినీ తీసేస్తుంది.

ముప్పై ఏడో ఫారం పేరు ‘ఆవరణలో పాము’. వాడకం సున్నా. దాని పని చూసే మనిషి తోటమాలి ఇశ్రాయేలు.

పాములు లేక కాదు. చుట్టూ రాతి గుట్టలు. వానలు మొదలైతే వారానికి రెండైనా లోపలికి వచ్చేవి. ఎవరూ కేక వెయ్యకముందే ఇశ్రాయేలు వాటిని ఇనప కొక్కెంతో పట్టి, గోనెసంచిలో వేసుకెళ్లి, గుట్ట మీద వదిలేసి వచ్చి మొక్కలకు నీళ్లు పెట్టుకునేవాడు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఫారం నింపే అవకాశం పాపం ఎవరికీ దక్కలేదు.

దీపశ్రీ ఆ సున్నా చూసి తోటలోకి పరుగెత్తింది. ఇశ్రాయేలు కూతురు నరసరావుపేటలో నర్సింగు చదువుతోంది.

“బాబాయ్, ఇంక ఫారం రానిదే పామును ముట్టుకోబాక,” అంది.

“ఆ ముక్క పాముకెవరు జెప్తారమ్మా?”

“నవ్వులాట కాదు బాబాయ్. నీ ఉద్యోగం పోద్ది.”

“సరేలే. నువ్వు జెప్తే కాదంటానా?”

ఆమె తను చెప్పిన ఆ మాటనే నిబంధనగా రాసింది. ఆఫీసు మేనేజరు మురళీధర్ చదవకుండా సంతకం పెట్టాడు (సంతకానికి చదువుతో సంబంధం ఉన్నట్టు ఏ నిబంధనలోనూ లేదు).

మరుసటి గురువారం మురళీధర్ తన గదిలో కూర్చుని, వాడకం లెక్కలు చూసే హెడ్డాఫీసు అధికారిణి కీర్తితో కంప్యూటరులో వీడియో మీటింగు నడుపుతున్నాడు. ఏసీ పైపు సందులోంచి ఆరడుగుల జెర్రిపోతు దిగి, వెచ్చగా ఉందని ఆ కంప్యూటరునే చుట్టుకుంది. మురళీధర్ సోఫా ఎక్కి గావుకేక పెట్టాడు. దీపశ్రీ పరుగెత్తుకొచ్చింది. ఇశ్రాయేలు కొక్కెంతో వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

“ఒరేయ్, చూస్తావేందిరా! పట్టు!”

“ఫారం రాలా సార్. రాకుండా ముట్టుకోవద్దని మీరే సంతకం పెట్టారు.”

తెరలోంచి కీర్తి గొంతు ప్రశాంతంగా వినిపించింది. “అతను చెప్పేది కరెక్టే మురళీధర్ గారూ. ఫారం నింపండి.”

మురళీధర్ సోఫా మీద నిలబడే ఫోనులో ఫారం తెరిచాడు. పాము పొడవు సెంటీమీటర్లలో అడిగింది. ఈ పాము గతంలో మన సేవలు పొందిందా అని అడిగింది (పొంది ఉంటే అప్పటి ఫారానికి వచ్చిన టికెట్టు నంబరు వేయాలి). పాము ముఖం స్పష్టంగా లేదని ఫొటోను రెండుసార్లు తిప్పికొట్టింది. చివరికి ఫారం వెళ్లింది. శాఖాధిపతి అనుమతి కోసం ఆగింది. శాఖాధిపతి మురళీధరే. అనుమతి మాత్రం, భద్రతా కారణాల వల్ల, ఆఫీసు కంప్యూటరు నుంచే ఇవ్వాలి.

కంప్యూటరు మీద పాము ఉంది.

“కంగారు పడకండి,” అంది కీర్తి. “నలభై నిమిషాలు దాటితే సిస్టమే అప్రూవ్ చేసేస్తుంది.” ఆవిడ టీ తెప్పించుకుంది.

దీపశ్రీ చూడలేకపోయింది. “పోనీలే బాబాయ్, పట్టెయ్,” అంది గొంతు తగ్గించి.

“రూలు రాసింది నువ్వేగదమ్మా. రేపు నీ మీదికొస్తది. అది జెర్రిపోతు, ఏం జెయ్యదు. సార్‌నే కాస్త కదలకుండా ఉండమను.”

నలభయ్యో నిమిషాన ఫోను టింగుమంది. ఇశ్రాయేలు లోపలికి వెళ్లి, నిమిషంలో పామును సంచిలో వేసుకుని గుట్టకేసి నడిచాడు.

నెలాఖరు నివేదికలో ఫారం ముప్పై ఏడు వాడకం ‘ఒకటి’ అని చూడగానే దీపశ్రీ ప్రాణం లేచొచ్చింది. రెండో పేజీ తిప్పింది. ‘ఇశ్రాయేలు. చేసిన పని: ఒకటి. గడువు: పదిహేను నిమిషాలు. పట్టిన సమయం: నలభై ఒకటి. ఆలస్యమైన పనులు: వంద శాతం. కాంట్రాక్టు పొడిగించరాదు.’

పదకొండేళ్లలో అతను పట్టిన పాముల గురించి ఆమె మూడు పేజీల ఉత్తరం రాసింది. ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. ‘సదరు పాముల టికెట్టు నంబర్లు పంపగలరు.’

ఇశ్రాయేలు కొక్కెం స్టోర్లో అప్పజెప్పి, రసీదు తీసుకుని వెళ్లిపోయాడు. “నువ్వేం జేస్తావులే అమ్మా,” అన్నాడు వెళ్తూ. ఆ మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఆగస్టులో ఫారం ముప్పై ఏడును ఇరవై ఆరు సార్లు వాడారు. కంపెనీ ఫ్యాక్టరీలన్నిటిలోనూ అదే ఎక్కువ కాబట్టి దీపశ్రీకి ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం వచ్చింది. పాములన్నీ పెండింగులో ఉన్నాయి.