ఎనిమిది లక్షల మంది చూసిన గుంట

ఇకపై ప్రమోషన్లకు సీనియారిటీ, పనితనం లాంటి పాతకాలపు కొలతలు ఉండవని, పెట్టిన వీడియోకి వచ్చిన వ్యూసే కొలత అని హాన్‌సోల్ జిల్లా అధ్యక్షులు మేంగ్ గారు ప్రకటించారు. ఇంతటి దూరదృష్టి కొరియా మొత్తంలో మరొకరికి లేదని కూడా ఆయనే చెప్పారు, రెండుసార్లు.

రోడ్ల విభాగంలో ప్యో సునిమ్ పదకొండేళ్లుగా గుంటలు పూడుస్తోంది. ఉత్తర్వు ప్రకారం వంతెన మరమ్మతు వీడియో పెట్టింది. పందొమ్మిది వ్యూస్ వచ్చాయి. అందులో పద్నాలుగు వాళ్లమ్మవే.

ఆ వారమే సంత వీధి గుంటలో పడి, క్యాబేజీలమ్మే తక్ అవ్వ తోపుడుబండి బోర్లాపడింది. అవ్వ కాలు విరిగింది. క్యాబేజీలు దొర్లుకుంటూ నేరుగా పోలీస్ స్టేషన్లోకి వెళ్లాయి. వీధి కెమెరాలో పడ్డ ఆ ముక్కని ఎనిమిది లక్షల మంది చూశారు.

"సార్, సాయంత్రానికల్లా తారు వేయించేస్తాను," అంది సునిమ్.

మేంగ్ గారు అదిరిపడ్డారు. "మతిపోయిందా నీకు? పూడ్చేస్తే రేపేం చూపిస్తాం? అక్కడో లైటు పెట్టించు. పడేవాళ్ల ముఖాలు సరిగ్గా కనబడట్లేదు."

దయామయులు కనుక ఆస్పత్రికి స్వయంగా వెళ్లారు, ఇద్దరు కెమెరామెన్లతో. సునిమ్ పళ్లబుట్ట మోసింది.

"అవ్వా, కాస్త ఏడుస్తారా?" అడిగారు మేంగ్ గారు.

"నిన్నంతా ఏడ్చాను నాయనా. నిన్న రావాల్సింది."

"పోనీ, ఆ వీధిలో మళ్లీ ఎప్పుడు నడుస్తారు?"

అవ్వ సునిమ్ వైపు తిరిగింది. "అమ్మాయ్, గుంట పూడ్చడానికి ఎంతసేపు పడుతుందే?"

"నలభై నిమిషాలవ్వా."

"మరి?"

మర్నాడు పొద్దున్నే సునిమ్ తారు కంకర బస్తాలు తనే మోసుకెళ్లి గుంట పూడ్చేసింది.

మధ్యాహ్నానికి విచారణ. నేరం: ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. పారదర్శకత అంటే ప్రాణమిచ్చే మేంగ్ గారు దాన్ని లైవ్ పెట్టించారు. సునిమ్ బల్ల గుద్ది లేచింది. "జనం కాళ్లు విరగ్గొట్టుకుంటుంటే ఎంతమంది చూశారని లెక్కపెడతారా? సిగ్గులేదూ మీకు!"

పన్నెండు లక్షల వ్యూస్.

మేంగ్ గారు కళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే ఆమెను వీడియో విభాగానికి అధిపతిని చేశారు. రూల్ అంటే రూలే.

కొత్త గది, కొత్త కుర్చీ. పదకొండేళ్లలో మొదటిసారి ఎవరో ఆమెకి బార్లీ టీ తెచ్చిచ్చారు. సునిమ్ ఉత్సాహంగా, బాగుపడ్డ సంత వీధి వీడియో పెట్టింది. సాయంత్రానికి రెండొందల ఆరుగురు చూశారు. మేంగ్ గారు ఫోన్ చేశారు. "ఏం లేదు మేడమ్, కుర్చీ సౌకర్యంగా ఉందా అని." అంతే అని పెట్టేశారు.

సునిమ్ ఆ రెండొందల ఆరు అంకెని మళ్లీ చూసుకుని, రోడ్ల విభాగంలో చూ అనే తన పాత స్నేహితుణ్ణి పిలిపించింది. "జిల్లాలో మిగిలిన గుంటల లిస్టు ఉందా?"

చూ ముఖం వెలిగిపోయింది. "ఉంది మేడమ్! పూడ్చేద్దామా?"

సునిమ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ముందు, వాటిలో ఏది ఎక్కువ లోతో చెప్పు."