ధర్మవరంలో ఓడిన దేశాలు

ఏ దేశంవాళ్ళు మంచి కారు చేస్తారన్న సంగతి తేలవలసింది లండనులోనూ కాదు, అమెరికాలోనూ కాదు. ధర్మవరంలో, మార్కండేయులు మగ్గం గుంత పక్కన. ఈ విషయం ఆ దేశాలవాళ్ళకు తెలియదు. తెలియదు గనకనే ధైర్యంగా కార్లు చేసుకుంటూ పోతున్నారు.

నయాపైసలు వచ్చిన కొత్తలో అక్కడ సర్వదేశ మోటారు కార్ల నిర్ణయ సంఘం వెలిసింది. మార్కండేయులు గుంతలో కాళ్ళు దించుకుని పట్టుచీర నేస్తుంటే, తక్కిన సభ్యులు చుట్టూ చాప మీద కూర్చుని దేశాలను విచారించేవాళ్ళు. సంఘానికి నియమాలు తక్కువ గానీ గట్టివి. మొదటిది, కారెక్కినవాడికి సభ్యత్వం లేదు. ఎక్కినవాడు తానెక్కిన కారునే పొగుడుతాడు, ఎక్కనివాడికి అన్ని దేశాలూ సమానమే. అధ్యక్షుడు నాగభూషణం రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసి రిటైరయినవాడు. ఆయన ఒకసారి బెంగుళూరులో ఆగివున్న కారుకు ఆనుకుని నిలబడిన మాట నిజమే. ఆనుకోవడం ఎక్కడం కిందికి రాదని తీర్మానించి, ఆ అనుభవాన్ని గౌరవించే ఆయన్ను అధ్యక్షుణ్ణి చేశారు. రెండో నియమం, ఆడవాళ్ళు సభలో మాట్లాడరాదు. (పక్కన కూర్చుని పట్టుదారం కండెలు చుట్టవచ్చు. కాఫీ తేవచ్చు.)

విచారణ తొందరపాటు లేకుండా సాగింది. జర్మనీ కారు జిల్లాలో ఎక్కడా లేనందువల్ల దాన్ని పరోక్షంలోనే ఓడించారు. రెండు యుద్ధాలు ఓడినవాళ్ళకు ఇది కొత్త కాదని అధ్యక్షుడు ఓదార్పు మాట కూడా చెప్పాడు. రష్యా కారు అందరిదీ అంటారు గనక, అందరిదీ అయినదాంట్లో మన ఇంటి ఆడపిల్లను ఎట్లా కూర్చోబెట్టడమని పక్కన పెట్టారు. జపాను నుంచి వచ్చేవి కీ ఇస్తే తిరిగే బొమ్మలే గానీ మనుషులెక్కేవి కావని కొట్టేశారు. (ఈ తీర్పు మీద జపాను ఇంతవరకు అప్పీలు చేసుకోలేదు.) మన దేశపు కారు పేరు ఎవరో ఎత్తితే సభ నవ్వింది. ఇంట్లో చేసిన చారును ఎవరైనా పోటీకి పెట్టుకుంటారా? చివరికి బరిలో మిగిలినవి ఇంగ్లండు, అమెరికా.

మార్కండేయులు కూతురు చౌడేశ్వరికి పెనుకొండ సంబంధం కుదరకుండా ఉంటే ఇదంతా చాప మీదనే ఉండిపోయేది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి కండెలు చుడుతూ దేశాల పేర్లన్నీ వింది. తన పెండ్లిచీర తానే నేసుకుంది. ఇంకేం కావాలమ్మా అని తండ్రి అడిగితే నగ అడగలేదు, నట్ర అడగలేదు.

"పెండ్లికి కారులో పోతా, నాయనా" అంది.

మార్కండేయులు మాటిచ్చాడు. అంతటితో ఊరుకోక, లోకంలోకెల్లా మంచి కారులో పంపిస్తానన్నాడు. పొరపాటు జరిగింది అక్కడే. కారు అన్నంతవరకు అది తండ్రీకూతుళ్ళ వ్యవహారం. మంచి కారు అన్న మరుక్షణం అది సంఘం పరిధిలోకి వచ్చేసింది.

హిందూపురం బెల్లం మండీ షావుకారు ఒకరు తన ఇంగ్లండు కారును, సెనిక్కాయల నూనె మిల్లు యజమాని ఒకరు తన అమెరికా కారును, డ్రైవర్లతో సహా పెండ్లినాటి పొద్దున పరీక్షకు పంపారు. నెగ్గిన కారులో పెండ్లికూతురు పోవాలని ఏర్పాటు. గంగాళాలూ సామాన్లూ వేసుకుపోవడానికి ఉలిగప్ప తోలే బాడుగ కారును పిలిచారు. అది మన దేశానిదే గనక దానివైపు ఎవరూ చూడలేదు. పెండ్లికూతురి తల్లి, తక్కిన చుట్టాలు ముందురోజే రైల్లో పెనుకొండ చేరారు. ఇంట్లో మిగిలింది చౌడేశ్వరి, ఆమె అవ్వ కుళ్ళాయమ్మ, సంఘం. ముహూర్తం మధ్యాహ్నానికి.

వీధి పొడుగునా పడుగు సాగదీసి ఉండటంతో మూడు కార్లూ వీధి మొదట్లోనే ఆగాయి. (ఆ వీధిలో పట్టు పోగులు ఆరేదాకా మంత్రిగారి కారైనా ఆగవలసిందే. మంత్రిగారు రాలేదు గనక ఈ నియమాన్ని ఇంకా పరీక్షించలేదు.) పరీక్షాధికారి జయరాముడు. జరీ అసలుదో నకిలీదో గీటురాయి మీద తేల్చడంలో ఊరంతటికీ ఆయన మాటే మాట.

"ఏ చీరైనా ముందరివైపు బాగానే ఉంటాదప్పా. తిప్పి చూడల్ల" అన్నాడు జయరాముడు.

కారును తిప్పడం వీలు కాదు గనక సభ్యులే తిరిగారు. ఈతచాపలు పరుచుకుని ఇంగ్లండు కారు కిందికి వెల్లకిలా దూరారు. నేత ఒత్తుగా ఉందని, రంగు మాత్రం అక్కడక్కడా వదిలిందని కింద నుంచే ప్రకటించారు. తరువాత అమెరికా కారును కొలిస్తే సరిగ్గా చీరంత పొడుగు తేలింది. అంత పొడుగు కట్టుకునేవాళ్ళకు కావాలి గానీ ఎక్కేవాళ్ళకు ఎందుకని ఒక ఆక్షేపణ వచ్చింది. జయరాముడు గీటురాయి తీసి, దాని ముందర మెరిసే కమ్మిని బలంగా గీశాడు. తెలుపు కింద ఎర్రగా రాగి బయటపడింది.

"నకిలీ జరీ" అన్నాడు.

అంత పెద్ద దేశం ఇట్లాంటి పనికి దిగుతుందనుకోలేదని అధ్యక్షుడు విచారం వెలిబుచ్చాడు. అమెరికా డ్రైవరు ఆ గీతను చాలాసేపు చూసి, యజమానికి ఏం చెప్పుకోవాలో ఆలోచించుకుంటూ కారు తోలుకుని వెళ్ళిపోయాడు. ఇంగ్లండు డ్రైవరు మాత్రం కాఫీకి పోయి ఉన్నాడు. మరి రెండో పక్షం లేదు గనక ఇంకోసారి జాగ్రత్తగా చూడాలని సభ్యులు మళ్ళీ ఇంగ్లండు కారు కిందికి దూరారు.

అరుగు మీద కూర్చున్న కుళ్ళాయమ్మ లేచి వచ్చి, కారు కింద నుంచి బయటికి కనిపిస్తున్న కొడుకు పాదాలతో, పొద్దెక్కుతూ ఉందని చెప్పింది. ఇంకొంచెంసేపని పాదాలు జవాబిచ్చాయి. ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి అధ్యక్షుడి పాదాలు రెండో నియమాన్ని గుర్తుచేశాయి. అప్పుడామె ఉలిగప్ప దగ్గరికి నడిచింది.

"ఏమప్పా, నీ బండి పోతాదా?"

"పోతాదవ్వా."

"పెనుకొండ దంకా?"

"రోడ్డు ఉన్నంత దంకా పోతాది."

కుళ్ళాయమ్మకు అడగడానికి ఇంకేమీ తోచలేదు. (ఇంతకాలం విచారణలో ఏ దేశాన్నీ సంఘం ఈ ప్రశ్న అడగలేదు.) గంగాళాలు దించి అరుగు మీద పెట్టించి, మనవరాలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వీళ్ళకు వేరే కారు ఉండనే ఉంది గదా అనుకుని తానూ ఎక్కింది. కారు కదిలిన చప్పుడు సభ్యులు కింద నుంచి విన్నారు. సామాను ముందుగా పోవడం మంచి పద్ధతేనని అధ్యక్షుడు ఆమోదించాడు.

ఆ సమయంలోనే మార్కండేయులు కంటికి ఇంగ్లండు కారులోని ఒకే ఒక లోపం ఆనింది. అడుగున తీగలు వేలాడుతున్నాయి. మగ్గం మీద నుంచి దింపిన చీరను తిరగేసి, వేలాడే కొసలు కత్తిరించకుండా ఆయన ఏనాడూ గడప దాటనియ్యలేదు.

"నా బిడ్డ ఎక్కే కారుకు కొసలు ఏలాడరాదు" అని, మొలలోంచి చిన్న కత్తెర తీసి, ఒక్కొక్కటే శుభ్రంగా కత్తిరించాడు.

ఇంగ్లండు ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులు ఒంటినిండా నల్లనూనెతో లేచి, పెండ్లికూతురికి శుభవార్త చెప్పడానికి పోయారు. అరుగు మీద గంగాళాలు మాత్రమే ఉన్నాయి. పరుగున తిరిగొచ్చి ఇంగ్లండు కారెక్కబోయారు గానీ, కాఫీ తాగి వచ్చిన డ్రైవరు ఎంత తిప్పినా అది పలకలేదు. లోకంలోకెల్లా ఉత్తమమైన కారును సభ్యులు ఊరి పొలిమేర దాకా తోశారు. అక్కడ సెనిక్కాయల లారీ ఒకటి దొరికింది. లారీ కారు కాదు గనక ఎవరి సభ్యత్వానికీ భంగం లేదని నాగభూషణం మూటల మీద నుంచే తీర్పు చెప్పాడు. ఎవరూ మెచ్చుకోలేదు. మార్కండేయులు దారి పొడుగునా ఒక్క మాటే అన్నాడు.

"నా బిడ్డ కారెక్కేది నేను చూడల్యా."

పెనుకొండలో పురోహితుడు మంత్రాలను సాగదీసి సాగదీసి, ఇక సాగవని ఆపేసిన చోట మార్కండేయులు పందిట్లోకి వచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికే వ్యవధి చాలింది. కన్యాదానం నీళ్ళు వదిలేటప్పుడు ఆయన చేతి నల్లనూనె కూతురి చీర అంచుకు అంటింది. చౌడేశ్వరి గబుక్కున కుచ్చిళ్ళు మడిచి ఆ మరకను లోపలివైపుకు తిప్పేసుకుంది. ఆ చీరను ముందువైపు చూసినవాళ్ళు ఈనాటికీ మెచ్చుకుంటారు.

భోజనాలయ్యాక సంఘం పెండ్లికూతురి చుట్టూ చేరింది. మన దేశపు కారు మీద తీర్పు మిగిలిపోయింది గదా. మార్కండేయులే అడిగాడు.

"చౌడమ్మా, కారు ఎట్లుండాదిమ్మా? తలుపు గట్టిగా పడిందా? కూర్చునేది మెత్తగా ఉండాదా?"

చౌడేశ్వరి కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఏమో నాయనా. నేను దారెంబడీ బయటికే చూస్తా ఉంటి. కారును చూడల్యా."

మొదటి నియమం ప్రకారం కారెక్కిన మనిషి మాట చెల్లదు గనక, సంఘం ఆ సాక్ష్యాన్ని కొట్టేసింది. మార్కండేయులు సభ్యత్వం మాత్రం నేటికీ భద్రంగా ఉంది.