మూడు బొక్కల రేకు

మధుకర్ సారు భార్యను చెల్లెలింటికి పోయి రమ్మన్నాడు. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. రాజమణి చేతిలోని చాట కింద పెట్టి, మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జరమైతే లేదు. మరేందయ్యా?"

"ఏం లేదు. శోభ నిన్ను యాది జేస్తుంది. మానుకోట పోయి రెండు దినాలు ఉండి రా."

"యాది జేస్తుందని నీకెట్ల ఎరుక?"

"కలలకొచ్చి చెప్పింది."

"నా చెల్లె నీ కలలకెందుకొచ్చింది?"

సారు చెవులు రుద్దుకున్నాడు. దేవరుప్పుల హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేసిన మనిషి. గీత గీస్తే స్కేలు సిగ్గుపడాలి. అబద్ధం ఆడితే మాత్రం మొదటి మాటకే చెవులు ఎర్రబడతాయి.

"నేను పోతే నీకు అన్నం ఎవలు వండుతరు?"

"నేనే."

ఒకప్పుడు గుడ్లు ఉడకబెట్టమంటే గిన్నెలో నీళ్లు పొయ్యడం మరిచిపోయిన ఘనుడు ఆయన. ఆ వాసనకు వీధి కుక్కలు కూడా మూడు రోజులు ఇటు రాలేదు. అయినా రాజమణి సరేనంది. అంత తొందరగా సరేనన్నందుకే ఆయన అనుమానపడాల్సింది. పడలేదు.

అసలు సంగతి బీరువాలో ఉంది. కింది అరలో, రాజమణి నెమలిరంగు చీర మడతల్లో, మూరెడు పొడుగు, జానెడు వెడల్పు ఉన్న అల్యూమినియం రేకు ఒకటుంది. దాని మీద పెన్సిలుతో గీసిన మూడు గుండ్రాలు. ఒక్కో గుండ్రం నడుమ ఒక్కో మాట. వేగం. ఎత్తు. పైకా కిందికా.

అవి వాళ్ల ఒక్కగానొక్క కొడుకు వివేక్ రాసిన మాటలు. భూపాలపల్లిలో ఇంజనీరుగా చేసేవాడు. సెలవు దొరికితే చాలు, మానుకోట దోస్తు ప్రతాప్‌తో కలిసి మహారాష్ట్రలో ఒక గ్లైడర్ క్లబ్బుకు పోయేవాడు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. ఆ ముక్క చెప్పిన రోజున రాజమణి రొట్టె కాలుస్తూ కాలుస్తూ ఆగిపోయింది.

"ఇంజను లేకుంటే ఎవలు గుంజుతర్రా?"

"తాడుతోని గుంజి ఇడిసిపెడ్తరమ్మా. ఆడికెల్లి గాలే మోస్తది."

"గాలిని నమ్ముకోని ఎవలన్న పోతరా కొడుకా?"

క్లబ్బులో మూలపడ్డ పాత గ్లైడరొకటి ఉంటే కుర్రాళ్లంతా కలిసి బాగుచేయడం మొదలుపెట్టారు. నడిపేవాడి ముందు మీటర్లు బిగించే రేకు పని వివేక్ నెత్తినేసుకున్నాడు. రేకు ఇంటికి తెచ్చి, కొలతలు చూసి, ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "అమ్మా, నీ గాజు సైజూ మా మీటరు సైజూ ఒక్కటే" అని తల్లి చేతి గాజు ఊడదీసి, రేకు మీద పెట్టి లోపలి అంచు వెంబడి గుండ్రాలు గీశాడు. ఏ బొక్కలో ఏ మీటరు కూర్చుంటుందో అమ్మకు తెలియాలని తెలుగులో రాశాడు. మూడోది విమానం లేస్తుందో దిగుతుందో చెప్పే మీటరు. దాని ఇంగ్లీషు పేరు అమ్మకు నోరు తిరగలేదు. అందుకని "పైకా కిందికా" అని పెట్టాడు.

వచ్చే ఆదివారం వచ్చి బొక్కలు కోస్తానన్నాడు. శుక్రవారం సాయంత్రం రేగొండ దగ్గర వానలో లారీ ఎదురొచ్చింది. ఆ శుక్రవారం గురించి ఇంతకంటే చెప్పే శక్తి నాకు లేదు. రెండేళ్లయింది.

పోయిన నెల ప్రతాప్ ఫోన్ చేశాడు. "బాపూ, గ్లైడరు తయారైంది. మీటర్ల రేకే మిగిలింది. వివేక్ గీసిందే పెడ్దామని అందరికీ ఉంది. మీకిష్టమైతే వచ్చే నెల మొదటి ఆదివారమొచ్చి తీస్కపోత. లేకుంటే కొత్తది చేయిస్తం."

మధుకర్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొడుకు తాలూకు వస్తువుల్లో ఇంకా పైకి పోగలిగింది అదొక్కటే. పొద్దున్నే భార్యకు చెప్పాడు. రాజమణి ఒప్పుకోలేదు.

"రంపం పెడితే రాత పోతది. వాడు నా ముంగట కూసోని రాసింది ఇంట్ల అదొక్కటే ఉంది. నేను ముట్టనియ్య."

"నేను పైలంగ కోస్త రాజమణీ."

"కోతలు కోసుడు వేరు, రేకు కోసుడు వేరు. నీకు మొదటిదే వచ్చు."

ఇద్దరిదీ న్యాయమే. అందుకే ఆ ఇంట్లో వారం పాటు పులుసులో ఉప్పు పడలేదు, పడలేదని ఎవరూ అనలేదు.

అప్పుడు సారుకు ఉపాయం తట్టింది. తనకు బాగా వచ్చిన విద్య గీత. అచ్చం అలాంటి రేకే ఇంకోటి తయారుచేసి చీర మడతల్లో పెడితే, అసలుది గ్లైడరుకు పోతుంది, రాజమణికి బీరువా నిండుగానే ఉంటుంది. జనగామ పోయి రేకు కొన్నాడు. గాజుల పెట్టెలోంచి ఒక గాజు మాయం చేశాడు. రాజమణి స్నానానికి పోయినప్పుడల్లా బీరువా తీసి ఒక్కో అక్షరాన్ని కంటినిండా చూసుకుని, పెరట్లో రేకుల కొట్టానికి పరుగెత్తి రాసుకున్నాడు. మూడు స్నానాల్లో పని పూర్తయింది, గాజు మళ్లీ పెట్టెలో చేరింది.

రెండూ పక్కపక్కన పెడితే ఆయన కళ్లే మోసపోయాయి. ముందు గర్వమనిపించింది. తర్వాత, చచ్చిపోయిన కొడుకు చేతిరాతను దొంగతనంగా దించుతున్నానని గుర్తొచ్చి పెన్సిలు కింద పెట్టేశాడు. దొంగ రేకును కొట్టంలో వడ్ల బస్తాల వెనక దాచాడు.

శనివారం పొద్దున రాజమణిని మానుకోట బస్సెక్కించి, బస్సు మలుపు తిరగ్గానే ఇంటికొచ్చాడు. బస్తాల వెనకది బీరువాలో పెట్టాడు, బీరువాలోది బయటికి తీశాడు. తర్వాత నీళ్ల ట్యాంకులు బిగించే శ్యాం దగ్గర డ్రిల్లు మిషను అడిగి తెచ్చుకున్నాడు. ట్యాంకుకు పైపు కోసం గుండ్రంగా బొక్క కోసే పళ్ల కట్టరు దానికి బిగించి ఉంది.

"సారూ, రేకును బల్లకు గట్టిగ బిగించినంకనే కొట్టు. చేత్తోని పట్టుకోకు" అని శ్యాం చెప్పాడు.

"నాకు చెప్తున్నవా? నీకు గుండ్రం గీసుడు నేర్పింది నేనే" అన్నాడు సారు.

ఒక చేత్తో రేకు పట్టుకుని, ఇంకో చేత్తో మిషను పట్టుకుని, నడుమ ఉన్న "ఎత్తు" మీద పెట్టాడు. కట్టరు మధ్యలోని మేకు లాంటి బిట్టు సరిగ్గా "త్తు" లోకి దిగింది. పళ్లు రేకును కరిచాయి. మరుక్షణం రేకు చేతిలోంచి ఊడి మిషనుతో పాటు గిరగిరా తిరిగింది. ఇంజను లేని విమానానికని తెచ్చిన రేకు ఇంజను దొరగ్గానే కొట్టంలోనే ఎగరబోయింది. పాల క్యాను పడింది. తవుడు బకెట్టు పడింది. కోళ్లు ఇంటి కప్పెక్కాయి. సారు వెనక్కి గెంతితే కాలికి వైరు చుట్టుకుని, స్విచ్చు బోర్డు గోడనుంచి ఊడి, ఠప్పున వీధి మొత్తం కరెంటు పోయింది.

గోడ అవతలినుంచి పక్కింటి చత్రు అడిగాడు. "సారూ, మీ ఇంట్లకెల్లే పోయిందా?"

"మా ఇంట్లకెల్లి శానా పోయినయ్ చత్రూ" అన్నాడు మధుకర్.

రేకు తిప్పి చూశాడు. నడుమ వంకరటింకర చీలిక. "ఎత్తు"లో సగం "ఎ" మిగిలింది. మిగతాది పొడై నేల మీద, తవుడులో కలిసిపోయింది. ఆయన కూలబడి, తువ్వాలు పరిచి, తవుడులోంచి అల్యూమినియం పొట్టును ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూ ఏరుతూ ఏడుపొచ్చింది. వచ్చింది ఇక ఆగలేదు. అరవై రెండేళ్ల మనిషి కోళ్ల ముందు కూర్చుని చిన్న పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

రెండు రోజులకని పోయిన రాజమణి అదే రోజు నాలుగింటికి దిగింది. కొట్టంలోకొచ్చి చుట్టూ చూసింది.

"కోసినవా?"

"ఖరాబ్ జేసిన రాజమణీ." ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. "బీరువాలది దొంగది. నేనే గీసి పెట్టిన. గిది వానిది. వాని రాత నా చేతులతోని పోగొట్టిన."

రాజమణి వంగి రేకు అందుకుంది. "వేగం" అన్న మాట మీద చూపుడువేలు ఒకసారి నడిపించింది.

"గిది వానిది గాదు. నీదే."

"నేను బీరువాలకెల్లి తీసిన గద."

"తీసినవ్. మొన్న గాజుల పెట్టె తీస్తే ఒక గాజుకు పెన్సిలు నలుపంటి ఉంది. నువ్వైతే గాజులేసుకోవు. కొట్టంల దేవులాడితే బస్తాల ఎన్క నీ రేకు దొరికింది. దాన్ని తీస్కపోయి బీరువాల పెట్టిన. వానిది తెచ్చి బస్తాల ఎన్క పెట్టిన. పొద్దుగాల నువ్వు మల్ల మార్చి, వానిది వాని జాగల పెట్టినవ్."

మధుకర్ ఎడమచేతిని బీరువా అనుకుని, కుడిచేతిని బస్తాలనుకుని, రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. నిజమే. లోకంలో ఏ దొంగా ఇంత కష్టపడి సొత్తును సొంత చేతులతో యథాస్థానంలో పెట్టి ఉండడు.

"నాకే తెలువలే. నువ్వెట్ల గుర్తువట్టినవ్?"

"కండ్లతోని చూస్తే నాకూ తెల్వదు. వాడు పెన్సిలు ఒత్తి రాస్తడు, రేకు లోపలికి దిగుతది. నువ్వు పైపైన గీస్తవ్. రెండేండ్ల సంది నా వేలు దాని మీదనే తిరుగుతుంది."

"ఎరికైనంక జర చెప్పొద్దా? పొద్దటి సంది ఏడుస్తున్న."

రాజమణి ఆయన పక్కన తవుడులోనే కూర్చుంది. "ఒకటి పాడు జేస్తెగని నీ చెయ్యి ఆగదు, గందుకు చెప్పలే. ఏడుస్తవని అనుకోలే. వాడు పోయిన కాన్నుంచి నువ్వు ఏడ్వలే. దినాలనాడు గుడ పందిరి గుంజలు వంకరున్నయని కొట్లాడినవ్. నేనొక్కదాన్నే ఏడ్సుకుంటున్న అనుకున్న."

ఆ మాటకు ఆయన మళ్లీ ఏడ్చాడు. ఈసారి ఒక్కడే ఏడవలేదు.

కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని రాజమణి లేచింది. "లే. ఇంటి ముంగట గట్టయ్య కూసున్నడు."

"ఏ గట్టయ్య?"

"పెంబర్తిల ఇత్తడి పని జేసే గట్టయ్య. నువ్వు మానుకోట బస్సెక్కిచ్చినవ్ గద, పాలకుర్తిల దిగి ఎన్కకు మర్రి జనగామ మీదికెల్లి పెంబర్తి పోయిన."

"కోయొద్దంటివి గద?"

"అన్న. అప్పుడు తోచలే. మొన్న గరిజెలు చేస్తుంటే, మూతతోని పిండిని గుండ్రంగ కోస్తం గద, గుండ్రం ముక్కనే ఉంచుకుంటం. చేతిల గరిజె పట్టుకోని అట్లనే కూసున్న. వాని రాత గుండ్రం లోపటనే ఉంది. గీత పొంటి సక్కగ కోస్తే బిళ్ల బిళ్లనే ఊడొస్తది. బొక్క వాళ్లకు, బిళ్ల మనకు."

ముప్పై ఏళ్లు పిల్లలకు వృత్తాలు నేర్పిన మాస్టారు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. వృత్తానికి లోపల కూడా ఏదో ఉంటుందని ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

గట్టయ్య సంచిలోంచి దారమంత సన్నటి రంపం తీశాడు. దొంగ రేకులో మిగిలిన రెండు గుండ్రాల మీద ముందు చెయ్యి చూసుకున్నాడు. గీత అంచున చిన్న బెజ్జం వేసి, రంపాన్ని అందులో దూర్చి, ఊపిరి బిగబట్టి గుండ్రంగా తిప్పాడు. రెండు బిళ్లలు గీటు పడకుండా ఊడొచ్చాయి. తర్వాత రాజమణి లోపలికి పోయి నెమలిరంగు చీర మడతలు విప్పి అసలు రేకు తెచ్చింది. గట్టయ్య కోస్తున్నంతసేపూ కింద కొంగు పట్టుకుని నిలబడింది. వేగం పడింది. ఎత్తు పడింది. పైకా కిందికా పడడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

ఆదివారం ప్రతాప్ మీటర్లు వెంట తెచ్చాడు. మూడూ బొక్కల్లో కదలకుండా కూర్చున్నాయి. ఆ పిల్లవాడు రేకును తన అంగీలో చుట్టుకుని, ఇద్దరి కాళ్లకూ మొక్కి పోయాడు. వాకిట్లో బండి చప్పుడు వినబడకుండా పోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

లోపలికొచ్చాక రాజమణి చాప మీద రెండు బిళ్లలు పక్కపక్కన పెట్టింది. రెండింటి మీదా వేగం అనే ఉంది.

"ఏది వానిది?"

మధుకర్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తీసి చూశాడు. వెలుగుకు పట్టుకుని చూశాడు.

"తెలుస్తలేదు రాజమణీ."

"కండ్లు మూసుకో."

ఆయన మూసుకున్నాడు. రాజమణి ఆయన వేలు పట్టుకుని మొదటి బిళ్ల మీద పెట్టింది. నున్నగా ఉంది. రెండోదాని మీద పెట్టింది. వేలు కొంచెం జరిగి, ఒకచోట చిన్న పల్లంలోకి దిగి ఆగిపోయింది.

"దొరికిండా?" అంది.

"దొరికిండు."

"మెల్లగ. గంత ఒత్తకు, చెరిగిపోతడు."