పిలిచిన భూతానికి ఓనరెవరు?

ఊళ్లో ఆస్పత్రి లేకపోయినా బతకొచ్చు, బడి లేకపోయినా ఎదగొచ్చు. భూతాల్ని పిలిచే మాంత్రికుడు లేని ఊరు మాత్రం ఊరే కాదు! ఈ మాటకు కోపం వచ్చినవాళ్లు ఒకసారి విశాఖపట్నం వచ్చి చూడండి. వచ్చేటప్పుడు నల్ల చొక్కా వేసుకోండి. తెల్లది వేసుకొచ్చినా నష్టం లేదు, తిరుగు రైలెక్కేసరికి అదీ నల్లదే అవుతుంది.

ఇతర ఊళ్లలో భూతదయ అంటే చీమలకు చక్కెర చల్లడం. మన ఊళ్లో అక్షరాలా భూతదయే. భూతానికి గేట్ పాసు ఇస్తాం. షిఫ్టు ఇస్తాం. పనైపోయాక సేదదీరడానికి ఎవరో ఒకరి డాబా కూడా ఇస్తాం. డాబా గలవాడిని అడగం, అది వేరే విషయం. దయాగుణం ఉన్నవాడు అడిగి చేస్తాడా ఎక్కడైనా?

ఈ విద్య ఎలా పుట్టిందో పిల్లల పాఠాల్లో పెట్టకపోవడం మన దౌర్భాగ్యం. వెనకటికి దొరల కాలంలో రేవు తవ్వుతుంటే డ్రెడ్జరు బురదలో దిగబడిందట. ఏనుగులు లాగాయి, కూలీలు లాగారు, దొర తన మీసం తాను లాక్కున్నాడు. కదిలితే ఒట్టు. విసిగిపోయిన మేస్త్రీ ఒకడు, "దీన్ని లాగాలంటే దెయ్యం దిగి రావాల్రా" అని ఉమ్మేశాడు. దిగి రావడం కాదు, ఎక్కి వచ్చింది. బురదలోంచి తాటిమానంత తల లేచి, "పిలిచితివా?" అని అడిగింది. మేస్త్రీ పరుగందుకున్నాడు. పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డ గుమాస్తా మాత్రం పరిగెత్తలేదు. "పిలిచింది మేమే" అన్నాడు.

అదిగో, ఆ గుమాస్తాయే మాంత్రికులకు మూలపురుషుడు. మేస్త్రీ మనవలు నేటికీ మేస్త్రీలే. గుమాస్తా మనవలకు ఒక శాఖే వెలిసింది. ఆవాహన శాఖ! పేరుకు తగ్గట్టే ఆ శాఖ వారికి ఆ వాహనం, ఈ వాహనం, ఆడిటరు గారి పిల్లల్ని బడికి దింపే వాహనం, అన్నీ ఉన్నాయి. పిలిచిన భూతాన్ని పంపించడానికి ఉద్వాసన శాఖ అని ఇంకొకటి పెట్టాలని మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నారు. దానికి ఇంకా సైకిలైనా రాలేదు. విశాఖ అన్న పేరులోనే శాఖ ఉంది కదా, మళ్లీ వేరే శాఖ ఎందుకని పైవాళ్ల అభిప్రాయం కాబోలు.

మాంత్రికుల శక్తులు సామాన్యమా? అసిస్టెంటు మాంత్రికుడు నిమ్మకాయంత భూతాన్ని పిలుస్తాడు. అది ఈ ఫైలు మీది దుమ్ము దులిపి ఆ ఫైలు మీద వేస్తుంది. సీనియర్ మాంత్రికుడు పిలిస్తే మాత్రం నాలుగంతస్తుల భూతం లేచి, ఓడలో ఉన్న బొగ్గంతా పొద్దుగూకేలోగా దింపేస్తుంది. బోనస్ అడగదు. బంద్ అనదు. టీ తాగదు, తాగినా గ్లాసు తిరిగిచ్చేస్తుంది. కొత్త శతాబ్దం వచ్చేసరికి ఈ విద్యకు ఎంత గిరాకీ పెరిగిందంటే, ఊళ్లో కంప్యూటర్ కోర్సుల బోర్డులు దించి భూతం కోర్సుల బోర్డులు ఎక్కించారు. 'ఆరు వారాల్లో ఆవాహన! చేరినవారికి టేబుల్ మీద పెట్టుకునే భూతం ఉచితం!' మరి పంపించడం ఎప్పుడు నేర్పుతారని ఎవరో పిల్ల అడిగితే, "అది పరీక్షలో రాదమ్మా" అన్నారట. నిజమే, పరీక్షలో రాదు. మనకే వస్తుంది పరీక్ష.

అటువంటి మహా విద్యలో తలపండిన వాడు శ్రీరామ్మూర్తి గారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, కూర్మన్నపాలెం దగ్గర క్వార్టర్లో స్థిరపడ్డ సీనియర్ మాంత్రికుడు. తల పండడమే కాదు, ఊగడం కూడా ఆయన తలకు బాగా తెలుసు. ఎవరు ఏ కష్టం చెప్పినా ఆ తల మెల్లిగా, కరుణగా కిందికీ పైకీ ఊగుతుంది. అవునని కాదు, కాదని కాదు. అర్జీ పెట్టినవాడు సంతోషంగా వెళ్లిపోతాడు, అర్జీ అక్కడే ఉండిపోతుంది. ఆయన రెండు ప్రమోషన్లూ ఆ మెడ సంపాదించినవే. మంత్రం పఠించడానికి పూట పడుతుంది. తలూపడానికి రెప్పపాటు చాలు.

అలాంటి పెద్దమనిషికి ఎంత కష్టం వచ్చిందో వినండి. అది మార్చి నెల. ఆయన పిలిచిన భూతం ఒకటి బొగ్గు ఓడ ఖాళీ చేసింది. చేసేసరికి సాయంత్రం అయిదైంది. ఆఫీసు మూశారు. పొమ్మనేవాడు లేక, ఆ భూతం కాసేపు అటూ ఇటూ చూసి, ఫిషింగ్ హార్బర్ పక్కన ఇసుక మెత్తగా ఉందని వెళ్లి కూర్చుంది.

ఆ ఇసుక మీద పోతమ్మ అనే ఆవిడ నెత్తళ్లు, అంటే వేలెడంత చేపలు, ఎండబెడుతుంది.

మామూలు నెత్తళ్లు కావవి. ఏప్రిల్ నడిమి నుంచి సముద్రంలో వేట ఆపేస్తారు. పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ నిషేధం రోజుల్లో పోతమ్మ ఇంట్లో కూర అయినా, బియ్యం అయినా ఆ ఎండుచేప నుంచే రావాలి. అక్కడ నెత్తళ్లు ఎండితేనే ఇక్కడ పొయ్యి మండుతుంది. ఇప్పుడేమో పొద్దున్నించి సాయంత్రం దాకా భూతం నీడ. పైగా అది ఒళ్లు విదిలించినప్పుడల్లా చేపల మీద బొగ్గు పౌడరు.

ఉచితంగా నీడ! ఊళ్లో వాళ్లు నీడ కోసం ఏసీ షాపుల్లో దూరి, కొనని చీరలు బేరం ఆడుతున్న రోజుల్లో, ఒకావిడ ఇంటి ముందుకే నీడ నడిచొస్తే సంతోషించొద్దూ? పోతమ్మ సంతోషించలేదు. ఆవిడ నేరుగా భూతాన్నే అడిగింది.

"ఏటి నాయనా, ఎన్నాళ్లిలా కూకుంటావ్? లెగు."

భూతం పాపం చాలా సిగ్గుపడింది. దానిది పాతకాలపు భాష. "అమ్మా, నేనేమి చేయుదును? నన్ను పిలిచినవాడు పొమ్మనవలెను. కానిచో ఎవరో ఒకరు నలుగురి ఎదుట 'ఇది నాది' అని ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్నవారి వెంట పోవుదును. మాకున్నవి ఈ రెండే రూల్సు."

"పిలిసినోడెవడు?"

"కళ్లద్దములు. సన్నని మెడ. మిగుల ఊగును."

ఆదివారాలు చేపల కోసం హార్బర్‌కి వచ్చే ఆ మెడను గుర్తు పట్టడం పోతమ్మకు కష్టం కాలేదు. బస్సెక్కి ఆవాహన శాఖకు వెళ్లింది.

"మా ఇసక మీద మీ బూతం కూకుంది బాబూ. నెత్తళ్లు ఎండట్నేదు. లెగమని వొక్క మాట సెప్పండి."

శ్రీరామ్మూర్తి గారి తల ఊగింది. "చూద్దాం లేమ్మా."

"సూడ్డానికేటుంది బాబూ, కొండంతుంది. ఇక్కణ్ణించే అవుపడతాది."

"అది కాదమ్మా. పిలవడం వరకే మా శాఖ. పంపించడం ఉద్వాసన శాఖ చూస్తుంది."

"అదెక్కడుంది బాబూ?"

"శాంక్షన్ అయింది. పోస్టులే ఇంకా వెయ్యలేదు."

"పోనీ అది మీదే అని వొప్పీసుకోండి. మీయెనకే వచ్చేత్తాదంట."

ఇక్కడే శ్రీరామ్మూర్తి గారి మనసు చివుక్కుమంది. ఎంత మాట! బొగ్గు దించిన ఘనత ఆఫీసుది, అందులో సందేహం లేదు. మొన్ననే దానికి షీల్డు కూడా వచ్చింది. భూతం మాత్రం ఆఫీసుదెలా అవుతుంది? ఓడవాళ్లను అడిగితే మాది బొగ్గేనన్నారు. బొగ్గు కొన్నవాళ్లు దింపిన సరుకే మేం కొన్నాం గానీ దింపినవాణ్ణి కొనలేదన్నారు. ఇంతమంది పెద్దలు కాదన్న దాన్ని ఆయనొక్కడే నాదంటే, రేపు మల్కాపురం డాబాల మీద, గాజువాక ట్యాంకుల మీద కూర్చున్న పాత భూతాలన్నీ క్యూ కట్టవూ? లోకంలో బిడ్డ లేనివాడు బాధపడతాడు గానీ, భూతం లేనివాడు బాధపడతాడా? ఆయన మళ్లీ తలూపారు. పోతమ్మ తిరుగు బస్సెక్కింది.

మళ్లీ వచ్చింది. తల ఊగింది. ఇంకోసారి వచ్చింది. మరింత కరుణగా ఊగింది. అవతల నెత్తళ్లు కుళ్లి, బుట్టలు బుట్టలుగా సముద్రంలోకే తిరిగి వెళ్లాయి. వేట ఆగిపోయే రోజు దగ్గర పడింది.

ఇక ఆ ఆదివారం. తెల్లవారుతుండగా శ్రీరామ్మూర్తి గారు సంచీ పుచ్చుకుని స్కూటరు మీద హార్బర్‌కి వచ్చారు. వంజరం తినాలనిపిస్తే మాంత్రికుడైనా మానవుడే. భూతాన్ని పిలవగలడు గానీ చేపను పిలవలేడు కదా! జెట్టీ మీద చేపల వేలంపాట జోరుగా సాగుతోంది. పాడుతున్నవాడు పోతమ్మ మరిది దాలయ్య. గొంతు ఓడ సైరన్. అక్కడ రూలు ఒకటే. నోరెత్తక్కర్లేదు, తల ఊపితే పాట నీది. ఊపినవాడు సరుకు ఎత్తుకుపోవాలి. వెనక్కి తీసుకోవడం అన్నది అక్కడ చేపకూ లేదు, మాటకూ లేదు.

వంజరం గుట్ట అయిపోయింది. రొయ్యల గుట్ట అయిపోయింది. దాలయ్య చెయ్యి ఇసుక వైపు చాపాడు.

"ఇప్పుడు పెద్ద సరుకు. ఇసక మీదున్న బూతం. సొంతదారు లేడు, ఎవులూ నాదన్నేదు. సొంతదారు లేని సరుకు పాటకొత్తాది, అందరికీ తెలిసిందే. రూపాయి. వొక్క రూపాయి. ఎవులైనా ఉన్నారా?"

జనం నవ్వారు. ఒక్క మెడ కదల్లేదు. హార్బర్‌లో మెడల క్రమశిక్షణ అలాంటిది. శ్రీరామ్మూర్తి గారు ఇదేమీ వినడం లేదు. ఆయన చూపు ఎవరి బుట్టలోనో ఉన్న చందువా మీద ఉంది. అప్పుడు పక్కనే ఒక గొంతు వినిపించింది.

"బాబూ, మా ఇసక మీద బూతం సంగతి కొంచెం సూత్తారా?"

ఇరవై ఏళ్ల సర్వీసు. మెడకు అలవాటైన మాట. తల మెల్లిగా, కరుణగా, కిందికీ పైకీ ఊగింది.

"అయిపోనాది పాట," అన్నాడు దాలయ్య. "కళ్లద్దాల బాబుకి."

శ్రీరామ్మూర్తి గారు చందువా మీంచి చూపు తిప్పారు. "ఇదేమిటయ్యా, నేను ఊరికే తలూపాను."

"ఆపీసులో ఊరికే ఊపీవోరు బాబూ," అంది పోతమ్మ. "ఇక్కడ ఊరికే ఊపరు. ఊపితే బుట్టెత్తాల."

"నేను చేప కోసం వచ్చాను."

"ఆ రూపాయి నాను పెట్టుకుంటాన్లెండి. మీరు మాత్రం తీసుకెళ్లండి."

ఇసుక మీద భూతం లేచి నిలబడింది. ఎన్నాళ్లకో హార్బర్ మీద ఎండ పడింది. అది వంగి, ఆయన స్కూటరు దగ్గర ముఖం పెట్టి వినయంగా అడిగింది. "స్వామీ, ఎచటికి?"

ఆ పూట మల్కాపురం నుంచి కూర్మన్నపాలెం దాకా జనం రోడ్డుకు ఇరువైపులా నిలబడి చూశారు. ముందు ఒక స్కూటరు, వెనక ఒక కొండ. సిగ్నల్ దగ్గర రెండూ ఆగాయి. భూతమే ముందు ఆగిందని చూసినవాళ్ల మాట. ఇంటికి చేరాక అది డాబా మీద కుదురుగా కూర్చుంది. డాబా మీద శ్రీరామ్మూర్తి గారి భార్య అనూరాధ గారు ఎండబెట్టిన గుమ్మడి వడియాలు ఉన్నాయి.

"ఏమండీ, మన డాబా మీద ఎవరో కూర్చున్నారు."

"చూద్దాంలే," అన్నారు ఆయన, అలవాటు కొద్దీ తలూపుతూ.

"మీ ఆఫీసు తల నా దగ్గర ఊపకండి. నా వడియాలు నల్లబడుతున్నాయి. అదెవరిది?"

శ్రీరామ్మూర్తి గారు జీవితంలో మొదటిసారి తల ఊపకుండా జవాబు చెప్పారు. "నాదే."

చెప్పి, డాబా ఎక్కి, భూతంతో రెండు ముక్కలు మాట్లాడారు. "పనైంది నాయనా. వెళ్లిరా." భూతం నమస్కారం పెట్టి మాయమైంది. ఉద్వాసన మంత్రం అంతే. దానికి శాఖ అక్కర్లేదు, పోస్టులు అక్కర్లేదు. నాది అని ఒప్పుకోవడమే కష్టం, తర్వాతదంతా మర్యాద. వడియాలు మధ్యాహ్నానికల్లా ఎండాయి. పోతమ్మ నెత్తళ్లకు మాత్రం వేట ఆగేలోగా మిగిలిన ఎండ కొంచెమే. ఉన్నంతలో ఎండబెట్టుకుంది.

ఈ అనుభవం నుంచి శాఖ వారు పాఠం నేర్చుకోలేదని అనకండి. నేర్చుకున్నారు. సోమవారమే ఆర్డరు వచ్చింది. ఇకపై పనైపోయిన భూతాలు హార్బర్ దగ్గర కూర్చోరాదు, మల్కాపురం డాబాల మీదే కూర్చోవాలి. అక్కడ పాటలు లేవు. అధికారులు చేపల కోసం స్వయంగా వెళ్లరాదు, వెళ్లక తప్పనివారు మెడకు పట్టీ వేసుకుని వెళ్లాలి. ఇంత ముందుచూపున్న మాంత్రికులు ఇంకే ఊరికైనా ఉన్నారా? అందుకే మొదట్లోనే చెప్పింది, వాళ్లు లేని ఊరు ఊరు కాదని.

మల్కాపురం వాళ్ల మాట ఏమిటంటారా? వాళ్ల బట్టలు, వాళ్ల వడియాలు, వాళ్ల పిల్లల దగ్గు, అవన్నీ నిజంగా ఆలోచించాల్సిన విషయాలే. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి, కాదంటారా?

ఆగండి. ఇప్పుడు మీరు పేపరు పట్టుకుని, పాపం నిజమే అన్నట్టు తలూపారు కదూ?

దాలయ్య చూశాడు. పాట అయిపోయింది. ఒకసారి మీ డాబా ఎక్కి చూసుకోండి, ఎండ కాస్త తగ్గినట్టు లేదూ?