మగ్గాల హోరులో ఒక తనిఖీ

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మూతపడిన మిల్లులోని నేత షెడ్డును పార్కింగు కోసం కూల్చేస్తారట. చూసి తేల్చడానికి పురపాలక అధికారి వస్తున్నాడు. వేరే మిల్లులో తాను రికార్డు చేసి తెచ్చిన మరమగ్గాల చప్పుడును ఆమె స్పీకర్లలో వినిపిస్తుంది. ఆ చప్పుడు మధ్య అత్తగారూ, ఆవిడతో కలిసి అక్కడ పనిచేసిన ఆడవాళ్ళూ తమ జ్ఞాపకాలు చెబుతారు. అధికారి కరిగిపోతాడు, షెడ్డు పాత చప్పుళ్ళు దాచి వినిపించే ఊరందరి శబ్దశాల అవుతుంది. ఇందుకోసం కోడలు నెలల తరబడి తిండీ నిద్రా మానుకుని తిరిగింది.

"అత్తయ్యా, ఆయన అడిగినవాటికి గట్టిగా జవాబు చెప్పాలి, సరేనా?"

"నా నోటి సంగతి నీకు తెలీదా?" అంది అత్తగారు.

కోడలికి బాగా తెలుసు. అందుకే ధైర్యంగా ఉంది.

అధికారి రాగానే ఆమె మీట నొక్కింది. షెడ్డు దద్దరిల్లింది. అంతవరకూ ఆగకుండా వాగుతున్న ఆడవాళ్ళందరూ టక్కున నోళ్ళు మూసి చేతులు తిప్పడం మొదలుపెట్టారు. మగ్గాల హోరులో మాట వినపడక, ఉద్యోగమున్నన్నాళ్ళూ సైగలతోనే కబుర్లాడుకున్నవాళ్ళు మరి! ఆ చప్పుడు చెవిన పడితే నోరు తెరవడం వాళ్ళ వల్ల కాదు.

"వీళ్ళకి మాటలు రావా?" అధికారి కోడలి చెవిలో అరిచాడు.

"వస్తాయండీ! మామూలుగా ఆపడమే కష్టం!"

"అయితే ముందు ఆ మోత ఆపండి!"

కోడలు కదలబోతే అత్తగారు అడ్డం నిలబడి వేలు ఊపింది. నడిచే మగ్గాన్ని మేస్త్రీ తప్ప ఇంకొకరు ఆపకూడదు, అది మిల్లు కట్టుబాటు. ఆ మేస్త్రీ కాలం చేసి చాలా కాలమైంది. విసిగిపోయిన అధికారి తానే మీట మీదికి చెయ్యి చాచాడు. అత్తగారు ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. అధికారి మంటతో చెయ్యి గాలిలో విదిలించాడు. ఆ మిల్లులో షిఫ్టు అయిపోయిందనడానికి సైగ అదే. ఆడవాళ్ళందరూ వరుస కట్టి గేటు దాటి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. అందరికంటే ముందు అత్తగారు.

కోడలు చప్పుడు ఆపింది. పట్టు మాత్రం వదల్లేదు.

"ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పిలుచుకొస్తానండీ. ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

అధికారి గేటు వైపే చూస్తున్నాడు.

"అంతమంది వచ్చి, ఒక్కరూ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారా?"

"ఈ ఒక్కసారికి క్షమించండి..."

"నా ఉద్యోగంలో ఇలాంటిది చూళ్ళేదమ్మా," అన్నాడాయన, గేటుకేసి దణ్ణం పెడుతూ.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. షెడ్డును కూల్చరాదు. మగ్గాల చప్పుడును ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించరాదు. ప్రజల ఫిర్యాదులను ఇకమీదట అక్కడే వింటారు.