తూకం తప్పిన తూనీగ

ఆ ఆదివారం పొద్దున గజేందర్ వేసుకున్న కార్యక్రమంలో పెద్ద విశేషమేమీ లేదు. పళ్ళు తోముకోవాలి, చాయ్ తాగాలి, తాను తయారుచేసిన విమానం ఎక్కి హైదరాబాద్ పోవాలి, పదకొండు లోపల దిగాలి. మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

గజేందర్‌ది సిద్దిపేటలో వెల్డింగ్ షాపు. పేరులో ఏనుగు, పనిలో చీమ, మనసులో మాత్రం పిట్ట. గేట్లూ గ్రిల్సూ అతుకుతూ అతుకుతూ, మూడేళ్ళలో ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు సీట్ల విమానాన్ని అతికేశాడు. చిన్ననాటి దోస్తు నజీర్ కార్లకు సీటు కవర్లు కుడతాడు. విమానం రెక్కలకు గుడ్డ బిగించి కుట్టింది అతనే. ఒకడిది అతుకు, ఒకడిది కుట్టు, ఇద్దరి మధ్యా మాత్రం అతుకూ కుట్టూ లేని స్నేహం. నడపడం నేర్చుకుని, పై ఆఫీసుల అనుమతులన్నీ తెచ్చుకునేసరికి గజేందర్ జుట్టు సగం ఎగిరిపోయింది. ఆ ఇంట్లో మొట్టమొదట ఎగిరింది అదే.

విమానానికి ‘తూనీగ’ అని పేరు పెట్టారు. గజేందర్ బామ్మర్ది దామోదర్‌ది పాత ఇనుప సామాన్ల దుకాణం. ప్రపంచంలో ఏ వస్తువును చూసినా అతనికి కిలోల్లోనే కనిపిస్తుంది. షెడ్డులోకి తొంగిచూసి, "గిది తూనీగ కాదు బావా, తూకం సరుకు" అని తేల్చేశాడు.

గజేందర్ భార్య శ్రీజకు తమ్ముడి మాట నచ్చింది. ఆ షెడ్డులో పిండి గిర్ని పెట్టుకోవాలని ఆమె మూడేళ్ళుగా చూస్తోంది. గిర్నికి జాగా కావాలంటే విమానం కదలాలి. హైదరాబాద్ శివారులో, ఒక ప్రైవేటు రన్‌వే మీద, ఇంట్లో తయారైన విమానాల ప్రదర్శన ఉందని, లారీ మీద తెచ్చినవి చెల్లవనీ ఎగిరే రావాలనీ తెలియగానే ఆమె తీర్పు చెప్పేసింది.

"నువ్వు ఎగిరి షోకు పోయినవా, షెడ్డు నీదే. ఇంకోసారి నోరెత్తను. పోలేదా, అదే దినం మా తమ్ముని కాటా మీదికెక్కుతది. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట" అన్నాడు గజేందర్, ఇంటిల్లిపాది ముందర. గొప్ప ధైర్యమే. నజీర్ మాత్రం లాల్చీ అంచు నలుపుకుంటూ, "నన్నొక్క మాట అడగాల్సింది యార్" అని గొణిగాడు.

తూనీగ ఎగరాల్సింది ఊరి బయట వెంచర్ నుంచి. ప్లాట్లన్నీ అమ్ముడుపోయి ఒక్క ఇల్లు కూడా లేవని వెంచర్ అది. సూటిగా, వెడల్పుగా, గేదెలు కూడా నడవని తారు రోడ్డు. బతిమాలితే యజమాని ఒప్పుకున్నాడు. వాళ్ళ అడ్వెంచర్‌కు అంతకన్నా మంచి వెంచర్ దొరకదు.

సాగనంపడానికి అందరూ వచ్చారు. నజీర్ భార్య షమ్షున్నీసా అతని జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం క్షేమంగా సాగాలని నాణెం పెట్టి చుట్టే గుడ్డపట్టీ. అది చూసి గజేందర్ తల్లి ఐలవ్వ మనసు ఊరుకోలేదు. నజీర్‌కు కట్టు ఉంది, తన కొడుక్కి వద్దా? కొంగు ముడి విప్పి నిమ్మకాయ, మిరపకాయల దండ తీసి సరాసరి ముందున్న పంకకే కట్టబోయింది.

"అవ్వా! పంకకు కట్టకే! తిరిగేటప్పుడు ఎగిరొచ్చి ముఖం మీద పడతది!"

"మరి ఏడ కట్టాలె? కొత్త బండికి దిష్టి తీయకుండ పోతవా?"

"ఏడనన్న పనిలేని చోట కట్టు" అని గజేందర్ సీటు బెల్టులో మునిగిపోయాడు.

ఐలవ్వ విమానం చుట్టూ తిరిగి చూసింది. ప్రతి వస్తువూ ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉంది. రెక్క అంచున ఒక్క సన్న గొట్టం మాత్రం ఎవరినీ పట్టుకోకుండా ముందుకు చాచుకుని ఖాళీగా నిలబడింది. పనిలేనిది దొరికిందని సంబరపడి, నిమ్మకాయను దాని మూతికి గుచ్చి, జారకుండా మిరపకాయల దండతో చుట్టి, దండం పెట్టుకుంది.

తూనీగ ఎగిరింది. నిజంగానే ఎగిరింది. చప్పట్లు కొడుతున్న చేతుల్లో దామోదర్ చేతులు మాత్రం జేబుల్లో ఉన్నాయి.

పైకి చేరాక గజేందర్ వేగం చూపించే ముల్లు వైపు చూశాడు. సున్నా.

"నజీర్, మనం కదులుతున్నమా?"

నజీర్ చేతిలో దారి చూపించే ఫోను ఉంది గానీ, అతను కళ్ళు గట్టిగా మూసుకుని దువా చదువుతున్నాడు. "నన్ను అడగకు యార్. నేను ఇంట్ల ఉన్న అనుకుంటున్న."

"ముల్లు సున్నా చూపెడుతుంది. వేగం లేకపోతే పడిపోతం!"

ఆ మాటతో నజీర్ కళ్ళు తెరుచుకున్నాయి. ఫోను ఒళ్ళోంచి సీటు కిందికి జారింది. గజేందర్ ఇంజన్‌కు పూర్తి జోరు ఇచ్చాడు. ముల్లు కదలలేదు. సున్నా మీద మనసు పెట్టి, మిగతా లోకాన్నంతా సున్నా చేశాడు. దారి చూసే పని నజీర్ మీద పడింది. కింద పొలాలు, రోడ్డు, రోడ్డు మీద ఆర్టీసీ బస్సు. నజీర్ ముఖం వెలిగింది.

"గా బస్సు ఎనకనే పో! సిద్దిపేటల బయలెల్లిన బస్సు హైదరాబాద్‌కు కాకుంటే ఏడికి పోతది?"

బస్సు బోర్డు ముందుంటుంది. నెత్తి మీద ఉండదు. పైనుంచి చూస్తే అన్ని బస్సులూ ఒకటే. తూనీగ బస్సు వెనక పడింది. బస్సు ఆగింది, విమానానికి ఆగడం కుదరదు గనక చుట్టూ తిరిగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. మళ్ళీ తిరుగుడు.

"ఎక్స్‌ప్రెస్ బస్సు గిన్ని తాన్ల ఆగుతదారా?"

"ఆడోళ్ళకు ఫ్రీ కద అన్నా. చెయ్యెత్తిన అందరికీ ఆపుతుండు పాపం."

"హైవే గింత సన్నగ ఎట్లయింది?"

"మనం పైన ఉన్నం. పైకెల్లి అన్నీ సన్నగనే కనబడ్తయ్."

ఈ జవాబులో తప్పు పట్టడానికి గజేందర్‌కు తీరిక లేదు. కింద బస్సు కండక్టర్‌కు మాత్రం చెమటలు పట్టాయి. ఆగిన చోటల్లా ఆకాశంలో ఎవరో చుట్టూ తిరుగుతుంటే, చెకింగ్ పైనుంచి కూడా మొదలైందనుకుని టిక్కెట్లు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాడట.

పూర్తి జోరులో అన్ని చక్కర్లు కొట్టేసరికి పెట్రోలు అడుగంటింది. దిగక తప్పదు అనుకునే సమయానికి దేవుడు పంపినట్టు ఎదురుగా కనిపించింది: కోసేసిన మక్క చేను, చదునుగా, మధ్యలో సున్నంతో గీసిన పెద్ద గుండ్రం, పక్కన షామియానా, కుర్చీలు, మైకు, జనం. అందరూ తలలెత్తి చేతులూపుతున్నారు.

"షో! వచ్చేసినం నజీర్!"

"హైదరాబాద్ గింత పచ్చగ ఎప్పుడయింది?"

"ఊరవతల పెట్టిన్రు కదరా. దిగుతున్న, పట్టుకో!"

తూనీగ గుండ్రంలో దిగింది, కొంచెం గంతేసింది, ఆగింది. టైము పది నలభై. గజేందర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెడలో దండ పడింది. వేసినాయన పెద్ద బొట్టుతో, తెల్లచొక్కాలో ఉన్నాడు.

"నేను ఓంప్రకాశ్‌ను, సర్పంచును. పొద్దట్నుంచి చూస్తున్నం సార్. మనుషులు కూసొని వస్తరని మాకు చెప్పనే లేదు!"

"అందుకే కద సార్ మా దాని గొప్పతనం" అన్నాడు గజేందర్ దండ సర్దుకుంటూ.

"మరి ఎకరానికి ఎంతసేపు పడతది?"

"ఎకరమెందుకు సార్? దిగనీకి గింత జాగ చాలు."

"మందు ఏడ పోస్తరు?"

నజీర్ రెండు చెవులూ పట్టుకున్నాడు. "తోబా! మేం మందు ముట్టం సాబ్. ఐదు పూటల నమాజు చేస్త."

సర్పంచుకు మరీ ముచ్చటేసింది. చేతితో ముట్టకుండానే మందు కొట్టే యంత్రం కోసమే ఊరంతా పొద్దుటి నుంచి కుర్చీలేసుకుని కూర్చుంది మరి.

గజేందర్ ఆగలేక శ్రీజకు వీడియో కాల్ చేశాడు. "దిగినం! షోల ఉన్నం! సూడు జనాన్ని, సూడు దండను!"

శ్రీజ ముఖంలో నవ్వూ, గిర్ని పోయిన దిగులూ ఒకేసారి వచ్చాయి. వెనక నుంచి దామోదర్ ఫోను లాక్కున్నాడు. "ఏదీ, చుట్టూత చూపెట్టు బావా."

గజేందర్ దర్జాగా ఫోను తిప్పాడు. కుర్చీలు. జనం. ఒక గేదె. షామియానాకు కట్టిన బ్యానరు. దామోదర్ కూడబలుక్కుని చదివాడు:

"మందు పిచికారీ డ్రోన్ ప్రదర్శనకు... ధూళిమిట్ట గ్రామ రైతులకు... స్వాగతం. ఏం బావా, హైదరాబాద్‌కు పేరు మార్చిన్రా?"

గజేందర్ వెనక్కి తిరిగి బ్యానరు చూశాడు. నజీర్ నేల చూశాడు. గేదె ఇద్దర్నీ చూసింది.

"ఆడనే ఉండు బావా. ట్రాలీ ఆటో తీసుకొని వస్తున్న. కాటా గూడ తెస్త" అని ఫోను పెట్టేశాడు దామోదర్.

నజీర్ సిగ్గుతో విమానం చుట్టూ తిరుగుతూ రెక్క దగ్గర ఆగాడు. "గజన్నా, గిటు రా. గాలి పోవాల్సిన గొట్టంల ఏం దూరిందో సూడు." ఎదురుగాలి ఆ గొట్టంలోకి దూరితేనే ముల్లు వేగం చెబుతుంది. దూరాల్సిన చోట నిమ్మకాయ నిండుగా కూర్చుంది. గజేందర్ తల్లికి ఫోను చేస్తే ఐలవ్వ ఏమాత్రం జంకలేదు. "గది కట్టబట్టే పానంతోటి దిగిన్రు కొడుకా. దిష్టి ఎంతున్నదో సూసుకో!"

అంతలో అసలు బండి వచ్చింది. వ్యవసాయ అధికారిణి మనస్విని పెట్టెలోంచి డ్రోన్ తీసి గుండ్రం పక్కన పెట్టింది. తట్టంత ఉంది. ఊరు ఊరంతా ఒకసారి దాన్నీ, ఒకసారి తూనీగనూ చూసి, కుర్చీలు తూనీగ వైపు తిప్పుకుంది.

"ఇది ఎకరానికి పది నిమిషాలండీ..." అని ఆమె మైకులో చెబుతోంది.

"గిండ్ల మనిషి ఏడ కూసుంటడు మేడమ్?" అని ఒక పెద్దాయన అడిగాడు.

ఐదారు ప్రయత్నాల తర్వాత ఆమె గజేందర్ దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "సార్, మీ విమానం ఒక్కసారి ఎగిరి వీళ్ళ మోజు తీరిస్తే గానీ నా డ్రోన్ వైపు ఎవరూ చూడరు. పెట్రోలు నేను తెప్పిస్తాను."

కిరాణా కొట్టు నుంచి సీసాల్లో పెట్రోలు వచ్చింది. సరిగ్గా అప్పుడే ట్రాలీ ఆటో కూడా వచ్చింది. దామోదర్ కాటా కొక్కెం భుజాన వేసుకుని దిగాడు.

"పదకొండు దాటింది బావా."

గజేందర్ దండ తీసి నజీర్ చేతిలో పెట్టాడు. "మాటంటే మాటే దామోదర్. సామాను నీది. ఇగ నాది కాదు. ఒక్కసారి తిప్పి నీకు అప్పజెప్త."

"ఏంది? కాటాకెక్కాల్సింది గాలికెక్కితె నేనేం తూకమెయ్యాలె? అటే పోతే?"

"అయితె నువ్వే వచ్చి కావలి కూసో" అన్నాడు సర్పంచు. జనం ఈలలేశారు. వెనక్కి తగ్గడానికి దామోదర్‌కు జాగా దొరకలేదు. నజీర్ అంత సంతోషంగా సీటు ఖాళీ చేయడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

తూనీగ లేచింది. ముల్లు చక్కగా వేగం చెప్పింది. దామోదర్ మొదటి చుట్టులో "దించు" అని అరిచాడు, రెండో చుట్టులో ఏమీ అరవలేదు. ఊళ్ళ వెంట బండి తిప్పే మనిషి. జనం తనకు చెయ్యి ఊపడం కొత్త కాదు. కానీ ఆ ఊపు ఎప్పుడూ "పాత సామాన్లేం లేవు, పో" అనేదే. ఇవాళ పిల్లా జెల్లా అంతా రమ్మని ఊపుతున్నారు. చెరువు మీద ఎండ మెరుస్తోంది. తాటిచెట్లు చీపురుపుల్లల్లా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి దేనికీ బరువు కట్టబుద్ధి కాలేదతనికి.

"బావా" అన్నాడు మెల్లగా, "ఇంకో రౌండు తిప్పు."

దిగగానే శ్రీజ ఫోను. "తూకమేసినవార తమ్మీ?"

"కాటాకు పనికిరాదక్కా. బరువు తెలుస్తలేదు."

పొద్దుగూకేలోపు శ్రీజ షెడ్డు ఊడ్చి, గిర్నికి ముగ్గు కూడా గీసిపెట్టింది. ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. రెక్కలు ఊడదీసిన తూనీగ దాని మీద పడుకుని ఉంది. వెనకే ఇంకో ఆటో, దాని నిండా అల్యూమినియం గొట్టాలు.

"ఇంటికెందుకు తెచ్చినవ్? దుకాణంకు తీస్కపోక!"

"నువ్వే ఇచ్చినవ్ కదక్కా, ఇది ఇప్పుడు నాది. నా దుకాణంల పెడితె తుప్పు అంటుకుంటది. నీ షెడ్డు మంచిగున్నది."

"మరి ఆ గొట్టాలేంది?"

"పాపం, బావది పోయింది కద. ఆయనకు ఇంకోటి చెయ్యాలె. వచ్చేసారి షోకు రెండు పోతయ్" అన్నాడు దామోదర్, గొట్టాలు దించుతూ. వెనక గజేందర్ మాట పెదవి దాటనీయకుండా, నజీర్ నవ్వు దవడ దాటనీయకుండా చెరో కొస పట్టుకున్నారు.

ఆ సాయంత్రం గొట్టాలు అడ్డమై ఆ ఇంటి గేటు మూతపడలేదు; శ్రీజ ముడిచిన మూతి విప్పలేదు.