డ్రమ్ము ఆగిన పది నిమిషాలు

ఆ ఉదయం గంగాకిషన్ అనుకున్నది చాలా చిన్న పని. పది గంటలకు కుక్కల శిక్షణ కేంద్రం నుంచి జ్యోత్స్న మేడం వస్తుంది. ఆయన తన కుక్క బంగారికి "ఉండు" అని చెప్పి, పది నిమిషాలు గోడ వెనక దాక్కోవాలి. బంగారి కదలకపోతే పాసు. అప్పుడది డిచ్‌పల్లిలో చక్రాల కుర్చీలో ఉండే వర్షితకు తోడుగా పోతుంది. కింద పడ్డ పెన్సిలు అందక ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసే, ఆయన ఈ కుక్కపిల్లను ఏడాది పెంచి ఇస్తానని మాటిచ్చాడు. ఫెయిలైతే బంగారి ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ ఆశ పుట్టినప్పుడల్లా తనను తానే తిట్టుకున్నాడు.

పక్కింట్లో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము ఒకటే మోత.

"మల్లన్నా, జర పది నిమిషాలు ఆపరాదే. మా బంగారికి పరీక్షున్నది."

"దానికేంది, ఆపుత తియ్యి," అని మల్లయ్య డ్రమ్ము ఆపేసి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. పెర్కిట్‌లోని ఆ గల్లీలో పసుపు సీజనులో పట్టపగలు డ్రమ్ము ఆగిందంటే ఎవరో పోయినట్టే.

"ఏం జరిగినా సరే, ఇంట్లో ఎవ్వరూ మాట్లాడొద్దు," అని పది గంటలకు వచ్చిన జ్యోత్స్న వాచీ చూసుకుంది. గంగాకిషన్ బంగారికి "ఉండు" అని చెప్పి గోడ వెనక్కి పోయాడు. ఆయన భార్య భాగ్యవ్వ గడపలో కూలబడి, వెళ్లిపోబోయే కుక్కను చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎదురింటి అంజవ్వ రానే వచ్చింది. "ఏమైందే భాగ్యా? కిషనన్న ఏడి?"

మాట్లాడకూడదు కదా! భాగ్యవ్వ తల అడ్డంగా ఊపింది. పక్కన కాగితాలు పట్టుకుని వాచీ చూస్తున్న ఆడమనిషి డాక్టరు కాక ఇంకెవరు?

"ఓ కిషనన్నా! నిన్ననే నాతోని కొట్లాడితివి గదనే!"

గల్లీ మొత్తం కదిలొచ్చింది. ఎవరో దండ కూడా తెచ్చారు. జ్యోత్స్నకు ఇంత మంచి పరీక్ష ఎప్పుడూ దొరకలేదేమో, నోరు విప్పలేదు. బంగారి తోక కూడా ఊపలేదు.

"పిసినారోనివైనా మనసు మంచిదేనే! నా నిచ్చెన తీస్కపోయి ఇయ్యకపోతివి, గదొక్కటే!" అని అంజవ్వ శోకం తీసింది.

గోడ వెనక గంగాకిషన్ పళ్లు నూరాడు. తాను కనబడితే బంగారి లేస్తుంది. లేస్తే వర్షితకు తోడుండదు. చచ్చినా కదలనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఎనిమిదో నిమిషంలో అంజవ్వ చూపు బంగారి మీద పడింది.

"అయ్యో బిడ్డా! అన్నం కలిపి పెట్టేటోడు పాయె గదనే! ఇగ ఎవ్వల కోసం ఎదురుచూస్తవే?"

గోడ వెనక నుంచి బావురుమన్న ఏడుపు వినబడింది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ పారిపోయారు. గంగాకిషన్ పరుగున వచ్చి బంగారిని వాటేసుకున్నాడు. అది అప్పటికీ లేవలేదు. అందిన ఆయన చెవి మాత్రం నాకింది.

"ఖరాబు చేసింది నేనే మేడం. దాని తప్పేం లేదు. జర గట్లనే రాయుండ్రి."

జ్యోత్స్న అలాగే రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

"బంగారి: పాస్. గంగాకిషన్: కదిలాడు. మరో కుక్కపిల్లతో మళ్లీ పరీక్షకు హాజరు కావలెను."